మీ కోరిక మేరకు

వారంలో మొదటి పనిరోజైన ఆదివారం పొద్దున పదకొండు కాకముందే రబాబ్ తొమ్మిది ఫోన్లు ఎత్తింది. తొమ్మిదింటిలో అయిదు ఒకటే బాపతు. వాటికి ఆఫీసులో 'రద్దు-సరే' అని ముద్దుపేరు కూడా ఉంది.

తాంతా ఊళ్లో స్టేషనుకు ఎదురు వీధిలో, శనగలు వేయించే దుకాణం పైన మూడో అంతస్తులో ఆ ఆఫీసు. రెండు గదులు, నలుగురు మనుషులు. కిటికీ తీస్తే వేయించిన శనగల కమ్మదనం, మూస్తే ఉక్క. రబాబ్ అక్కడ చేరింది ప్రోగ్రాములు రాయడానికి. ఫోన్లకు జవాబు చెప్పే అమ్మాయి పెళ్లి చేసుకుని మానేశాక, 'కొత్తమ్మాయి దొరికేదాకా నువ్వు చూస్తూ ఉండు' అని యజమాని లొత్‌ఫీ ఆ ఫోనును ఆమె బల్ల మీదికి తెచ్చిపెట్టాడు. మూడేళ్లయింది. కొత్తమ్మాయి దొరకలేదు.

వాళ్లు చేసిన యాప్‌లలో అన్నిటికన్నా పెద్దది మహల్లా ఊరి అద్దకపు పనివాళ్ల సహాయ సంఘానిది. పదకొండు వేలమంది సభ్యులు. వైద్యుడి దగ్గర వంతు, ఎండాకాలం సముద్రతీరానికి బస్సు, పిల్లల పుస్తకాలు, అన్నీ అందులోనే.

"ప్రయాణం రద్దు చేయాలా అని అడిగిందండీ," అంటోంది అవతల ఒకావిడ. "రద్దు అని ఉంటే దాన్నే నొక్కాను. అయినా బస్సులో నా పేరు అట్లాగే ఉంది."

"అక్కడ రెండు బటన్లుంటాయి కదమ్మా, సరే, రద్దు అని. మీరు సరే నొక్కాలి."

"రద్దు చేసుకోవాలంటే సరే నొక్కాలా?"

"అవునమ్మా."

"మరి రద్దు నొక్కితే?"

"రద్దు నొక్కితే... ఆ రద్దు రద్దవుతుంది."

"అమ్మాయ్, నువ్వు చదువుకున్న పిల్లవేనా?" అందావిడ.

పక్క బల్ల దగ్గర గిర్గిస్ నవ్వాపుకోలేక బల్లకేసి నుదురు కొట్టుకున్నాడు. ముప్పై నిండని కుర్రాడు, రబాబ్‌తో పాటే పనిచేస్తాడు. రబాబ్ కూడా నవ్వింది. తర్వాత ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది, తెర మీద ఉన్నది నిదానంగా చదివి నొక్కండమ్మా అని. పేరును చేత్తోనే తీసేసింది. అరనిమిషం పని.

పదో ఫోను కూడా మహల్లా నుంచే.

"అమ్మా, బాగున్నావా? మీ ఇంట్లో వాళ్లంతా కులాసాయేనా?"

ముసలాయన గొంతు. ఫోను చెవికి మరీ దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు, ఊపిరి కూడా వినిపిస్తోంది.

"దేవుడి దయ, బాగున్నాం హాజీ గారూ. చెప్పండి."

పెద్దవాళ్లు ఎవరైనా, హజ్ యాత్రకు వెళ్లినా వెళ్లకపోయినా, హాజీ అనే పిలుస్తారక్కడ. ఎప్పుడూ నోటికి వచ్చే మాటే. అవతల ఊపిరి ఆగింది.

"హాజీ అనొద్దు తల్లీ. ఆ ఒక్క మాట వద్దు. నా పేరు మితవల్లీ. రంగుల మిల్లులో నలభై ఏళ్లు చేశాను."

మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పుకొచ్చాడు. ఈ ఏడు సంఘం తరఫున హజ్ యాత్రకు చీట్లు తీశారు. పదకొండు వేలమందిలో ఇరవై పేర్లు. అందులో ఆయనది ఒకటి, భార్యతో కలిపి. పాస్‌పోర్టులు ఇచ్చారు, ఫోటోలు ఇచ్చారు, అన్నీ ఖాయమయ్యాయి. ఆ రోజు నుంచి ఆయన రోజూ ఓసారి ఫోను తెరిచి తన పేరు చూసుకునేవాడు.

"ఊరికే చూసుకోవడమేనమ్మా. పని ఏం లేదు. మితవల్లీ, ఇన్షిరాహ్ అని పక్కపక్కన రెండు పేర్లుంటాయి, పైన నల్లటి కాబా బొమ్మ. గురువారం కూడా అట్లాగే చూసి మూద్దామని కింద 'బయటికి' అని ఉంటే నొక్కాను. ప్రయాణం రద్దు చేయాలా అని అడిగింది. నా గుండె జారిపోయింది. ఛీ ఛీ, రద్దేమిటి అనుకుని, సరే అని ఉంటే దాన్ని నొక్కాను. సరే, ప్రయాణం సరే, అని."

రబాబ్ కలం కింద పెట్టింది.

"నా వేళ్లు ఈ ఫోనుకి ఆనవు తల్లీ. కాస్టిక్ సోడాలో నాని నాని తోలు చచ్చిపోయింది. నాలుగుసార్లు నొక్కితే గాని పలకదు. ఆ రోజు మాత్రం ఒక్క నొక్కుకే పలికింది."

ఆయన పేరు కొట్టి చూసింది. తెర మీద ఎర్ర అక్షరాల్లో ఉంది. *సభ్యుని కోరిక మేరకు విరమణ.* గురువారం, మధ్యాహ్నం రెండూ పద్నాలుగు. దాని కింద, రెండూ పదిహేనుకి, ఎదురుచూసేవాళ్ల జాబితాలోంచి తర్వాతి పేరు వచ్చి కూర్చుంది. ఎవరో విధవరాలు, తన అన్నతో. శనివారం వాళ్ల పాస్‌పోర్టులు కూడా అందాయి.

తెర మీద ఉన్నది నిదానంగా చదవండి, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది. రబాబ్ దాన్ని మింగింది.

"రేపు ఒకసారి మీ దగ్గరికి రావచ్చా?" అన్నాడు మితవల్లీ.

*

సోమవారం పొద్దున్నే వచ్చాడు. పొడుగాటి మనిషి, బూడిదరంగు జుబ్బా, మెడ చుట్టూ ఉన్ని కండువా. మూడంతస్తులు ఎక్కొచ్చి గుమ్మం బయటే నిలబడి, లోపల ఎవరైనా తనను చూసేదాకా ఆగాడు. చేతిలో సంచీ నిండా నారింజలు.

"ఖాళీ చేతులతో ఎట్లా వస్తాను," అని సంచీ రబాబ్ బల్ల మీద పెట్టాడు.

గోళ్ల మొదళ్లలో నీలం ఉంది. నలభై ఏళ్ల నీలం, ఏ సబ్బుకీ వదలనిది. బొటనవేలి కొస గాజులా నున్నగా ఉంది, గీతలు లేవు.

గిర్గిస్ కుర్చీ జరిపాడు. టీ తెప్పించారు. మితవల్లీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు గాని తాగలేదు.

"ఇంజనీరమ్మా, నేను సీటు అడగడానికి రాలేదు. సీటు ఎవరికి రాసిపెట్టి ఉందో వాళ్లకు పోయింది. వాళ్లను నిలబెట్టి నేను కూర్చోను. నాకు ఒక్క కాగితం కావాలి."

"ఏం కాగితం బాబాయ్?"

"నేను నా ఇష్టంతో మానుకోలేదని."

జేబులోంచి ఫోను తీసి, కండువా కొసతో తెర తుడిచి చూపించాడు. గురువారం వచ్చిన సందేశాన్ని చెరపలేదు. *మీ కోరిక మేరకు మీ హజ్ ప్రయాణం రద్దు చేయబడినది. మీకు శుభం కలుగుగాక.*

"ఇది మా ఆవిడ చదివింది. సంఘం గోడ మీద కూడా అంటించారు, తమ కోరిక మీద మానుకున్నవారు అని, కింద నా పేరొక్కటే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. చీటీ వచ్చిన రోజునే నేను నోరు జారాను, ఈ మోకాళ్లతో అంత జనంలో ఎట్లా తిరుగుతావే అని. ప్రేమకొద్దీ అన్న మాటే అది. ఇప్పుడు ఆ మాటకి ఈ కాగితం తోడైంది. నన్ను మోయలేక నువ్వే వద్దన్నావు, వేలి మీదికి నెట్టేస్తున్నావు అంటుంది. అనేది కూడా శనివారంతో అయిపోయింది. ఇప్పుడు నాతో మాటల్లేవు."

గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టాడు.

"నలభై మూడేళ్ల కాపురం తల్లీ. అన్నం వండి పెడుతుంది. గిన్నె ముందు పెట్టి పక్క గదిలోకి పోతుంది."

అప్పటికే లొత్‌ఫీ తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. చెడ్డవాడు కాదు. జీతం ఆలస్యమైతే తన మొహం తనే చాటేసుకునే రకం. వచ్చి మితవల్లీ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తాం హాజీ గారూ. అంతా దేవుడి రాత."

"దేవుడి రాత సంగతి నాకు తెలుసు నాయనా," అన్నాడు మితవల్లీ. "నేనడిగేది మీ రాత సంగతి."

లొత్‌ఫీ చెయ్యి తీసుకున్నాడు. కాగితం సంగతి ఆలోచించి చెబుతామన్నాడు. ఆలోచించి చెబుతామంటే ఏమిటో ఆ వయసు మనిషికి తెలియనిది కాదు. లేచాడు. ఇంత శ్రమ పెట్టినందుకు క్షమించమని అందరితో పేరుపేరునా చెప్పాడు, గిర్గిస్‌తో సహా. దిగుతుంటే మెట్టుమెట్టుకీ చెప్పుల చప్పుడు చాలాసేపు పైకి వినిపించింది.

"బాష్‌మొహందిస్," అంది రబాబ్. ఇంజనీరును అట్లాగే పిలుస్తారు, యజమానైనా సరే. "రెండు వాక్యాలు రాసిస్తే మనకేం పోతుంది?"

"కంపెనీ పేరు అచ్చున్న తలకాగితం మీద తప్పు మాది అని రాసివ్వడం. అంతే కదా?"

"అంతే."

"వచ్చే నెల సంఘం ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. ఆ కాగితం వాళ్ల బల్ల మీదికి చేరకుండా ఉంటుందా? చేరాక సంతకం పెడతారా? నేను ఇల్లమ్మి తింటాను, నువ్వేం తింటావు? గిర్గిస్ ఏం తింటాడు?"

"నారింజలు," అన్నాడు గిర్గిస్. ఎవరూ నవ్వలేదు.

*

మంగళవారం ఫోన్లు పలచగా ఉన్నాయి. రబాబ్ పాత ఫిర్యాదులన్నీ ఒకచోటికి తీసింది. రద్దు-సరే బాపతువి, అయిదేళ్లవి, రెండువందల పద్నాలుగు తేలాయి. సముద్రతీరం బస్సు, పళ్ల డాక్టరు వంతు, వేసవి శిబిరం. పోయిన పేర్లను చేత్తో కలిపారు, పోవలసి ఉండీ మిగిలినవాటిని చేత్తో తీసేశారు. ఒక్కొక్కటీ అరనిమిషం పని. ప్రతి దాని పక్కనా కారణం గడిలో రెండే మాటలు, *సభ్యుని పొరపాటు.* అందులో సగానికి పైగా తను టైపు చేసినవే. ఈ ఏడు హజ్ చీట్ల పని వచ్చినప్పుడు కొత్తగా ఏమీ రాయలేదు. బస్సు ప్రయాణం పేజీనే తీసి, సముద్రం బొమ్మ చోట కాబా బొమ్మ పెట్టారు. బస్సులో ఎప్పుడూ ఖాళీ ఉండేది. ఇక్కడ ఉండదు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

ఆ ప్రశ్న రాసింది ఎవరా అని ఆమెకు ఇన్నాళ్లూ కుతూహలం కలగలేదు. లొత్‌ఫీయే అయి ఉంటాడని ఎక్కడో ఒక నమ్మకం. ప్రోగ్రాములో ప్రతి వరుస పక్కనా రాసినవాళ్ల పేరు, తేదీ ఉంటాయి. ఆ వరుస వెతికి పట్టుకుంది.

*రబాబ్.* అయిదేళ్ల కిందటి తేదీ. ఉద్యోగంలో చేరిన మూడో వారం.

గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఏమీ గుర్తు రాలేదు. ఏదో మధ్యాహ్నం, ఏదో తొందర. అడగాల్సిన ప్రశ్న ఒకటి, ఎప్పుడూ పెట్టే రెండు బటన్లు. బహుశా పది క్షణాలు పట్టి ఉంటుంది. బహుశా ఆ పది క్షణాల తర్వాత లేచి వెళ్లి టీ పెట్టుకుని ఉంటుంది.

"ఎవరా మహానుభావుడు?" అని గిర్గిస్ కుర్చీలోంచి మెడ సాచాడు.

ఆమె తెర మూయలేదు. గిర్గిస్ చదివాడు. మెడ వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి సంచీలోంచి ఒక నారింజ తీసి, వలిచి, సగం ఆమె కీబోర్డు పక్కన పెట్టాడు.

రబాబ్ ఆ వరుస మార్చడం మొదలుపెట్టింది. రెండు బటన్లకూ పేర్లు మార్చింది. *నా ప్రయాణం ఉండనివ్వండి.* *నా ప్రయాణం వదులుకుంటాను.* 'బయటికి' అన్నది తీసేసి, మూయడానికి మామూలు గుర్తు పెట్టింది. వదులుకున్నా మూడు రోజుల దాకా చోటు ఇంకొకరికి పోకుండా ఆపింది. నాలుగు ఫోన్ల మీద పెట్టి చూసింది. గడియారం చూసుకుంది. పదిహేడు నిమిషాలు.

లొత్‌ఫీకి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు.

"బాగుంది. చాలా బాగుంది. ఒప్పందం అయ్యాక వదులుదాం."

"ఎందుకు?"

"ఈ వారమే మార్చావంటే, పోయిన వారం దాకా తప్పుందని మనమే ఒప్పుకున్నట్టు కాదూ?"

"ఉంది కాబట్టే కదా."

"రబాబ్," అన్నాడు లొత్‌ఫీ గొంతు తగ్గించి, "నాకు కూడా అమ్మానాన్నలున్నారు. ఆ ముసలాయన్ని చూసి నాకు నిన్న అన్నం సయించలేదు. కానీ ఇప్పుడు కాదు."

బుధవారం పొద్దున ఆమె అందరికన్నా ముందు వచ్చి తాళం తీసింది. మార్చినదాన్ని పదకొండు వేల ఫోన్లకూ వదిలింది. తెల్ల కాగితం మీద, తలకాగితం కాదు, చేత్తో నాలుగు వరుసలు రాసి కింద తన పేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా రాసి సంతకం పెట్టింది. గిర్గిస్ రాగానే తాళంచెవి అతని బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, మహల్లా వెళ్లే మైక్రోబస్సు ఎక్కింది.

*

మిల్లు గోడ వెనకాల సందులో రెండో అంతస్తు ఇల్లు. తలుపు మితవల్లీయే తీశాడు. ఆమెను చూసి ఏమనాలో తెలియక, "రా తల్లీ, రా, ఇల్లు వెలిగింది," అని పక్కకు తప్పుకున్నాడు.

ముందు గదిలో సోఫా మీద ఇన్షిరాహ్ కూర్చుని ఉంది. బొద్దుగా, తెల్లగా, నల్ల తలగుడ్డ. కాళ్లు ఎత్తుపీట మీద చాపుకుంది. పక్కన కుర్చీలో తెల్లటి బట్టలు మడతపెట్టి ఉన్నాయి, కుట్టడం పూర్తయినవి, ఇస్త్రీ కూడా అయినవి. తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చేతులు రానట్టున్నాయి.

రబాబ్ తనెవరో చెప్పింది.

"కూర్చోమ్మా," అంది ఇన్షిరాహ్. తర్వాత గోడకేసి చూస్తూ, "అతిథి వచ్చింది, టీ పెట్టమని ఆ పెద్దమనిషితో చెప్పు," అంది.

పెద్దమనిషి మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. చెప్పించుకోకుండానే వంటింట్లోకి వెళ్లాడు.

రబాబ్ కాగితం తీసి ఇచ్చింది. ఇన్షిరాహ్ కళ్లద్దాలు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివింది. మడిచి వెనక్కి ఇచ్చేసింది.

"నీ మంచి మనసు. ఆయన నీ దగ్గరికి వచ్చి ఏడ్చి ఉంటాడు, నీకు జాలేసి రాసిచ్చి ఉంటావు. మగవాళ్లకి ఇట్లాంటివి ఎవరో ఒకరు రాసిస్తూనే ఉంటారు."

"ఆయన ఏడవలేదు పిన్నీ."

"ఏడవకపోతే మరీ మంచిది." పీట మీద కాలు కొంచెం జరుపుకుని మూలిగింది. "అమ్మా, నా మొగుడు నలభై ఏళ్లు రంగులు కలిపాడు. చెంచాడు తేడా వస్తే గుడ్డ థాను మొత్తం పాడవుతుంది. ఒక్కనాడు పాడవలేదు. అటువంటి మనిషి రెండు బటన్లలో ఒకటి తప్పు నొక్కాడంటే నన్ను నమ్మమంటావా?"

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

రబాబ్ తన సంచీలోంచి ఫోను తీసింది. దాంట్లో మార్చకముందటి పాత యాప్ ఉంది, పరీక్ష కోసం ఉంచుకున్నది. అందులో మితవల్లీ, ఇన్షిరాహ్ అని రెండు పేర్లు పెట్టి తెరిచి, ఆవిడ చేతికిచ్చింది.

"పిన్నీ, ఇది ఉత్తుత్తిది. దీంతో ఏమీ జరగదు. మీరు హజ్‌కి వెళ్తున్నారు అనుకోండి. మీ పేర్లు చూసుకున్నారు. ఇప్పుడు మూసేయండి."

"నాకివన్నీ రావమ్మా."

"ఏది తోస్తే అదే చేయండి. నేనేమీ చెప్పను."

ఇన్షిరాహ్ ఫోనును దూరంగా పెట్టి చూసింది. పేర్ల మీద ఆవిడ చూపు కాసేపు ఆగింది. తర్వాత చూపుడువేలితో, వేడి పెనాన్ని తాకినట్టు, 'బయటికి' అన్నదాన్ని తాకింది. ప్రశ్న వచ్చింది. *ప్రయాణం రద్దు చేయాలా?*

"అయ్యో, వద్దు," అంది పైకే.

వేలు గాల్లో ఆగింది. *రద్దు* అన్నదాని మీదికి వెళ్లబోయి, భయపడ్డట్టు వెనక్కి వచ్చింది. *సరే* మీద వాలింది.

కాబా బొమ్మ పోయింది. పేర్లు పోయాయి. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు వచ్చాయి. ఆవిడ పెదాలు కదుపుతూ చదివింది.

"మీ... కోరిక... మేరకు."

ఇంకోసారి చదివింది.

"నా కోరికేమిటి? నేను వద్దనే కదా అన్నాను. నువ్వు విన్నావు కదా, వద్దు అని పైకే అన్నాను."

"విన్నాను పిన్నీ."

ఇన్షిరాహ్ ఫోనును ఒళ్లో పెట్టుకుంది. తన చూపుడువేలు ఎత్తి, అది ఇంకొకరిది అన్నట్టు చూసుకుంది. గుమ్మంలో మితవల్లీ టీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు.

ఆవిడ తల తిప్పి ఆయనకేసే సూటిగా చూసింది.

"అది కింద పెట్టి కూర్చో," అంది. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."

మితవల్లీ పళ్లెం కింద పెట్టాడు. కూర్చోలేదు. ఆఫీసులో అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషి మెడలోని కండువా తీసి మొహం మొత్తం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి గాని చప్పుడు లేదు. ఇన్షిరాహ్ లేవబోయింది. మోకాళ్లు సహకరించలేదు. సోఫాలోంచే చెయ్యి చాచి ఆయన జుబ్బా అంచు పట్టుకుంది, అంతవరకే అందింది.

"నాలుగు రోజులు," అంది ఆవిడ. "నాలుగు రోజులు కుక్కకి పెట్టినట్టు పెట్టాను."

రబాబ్ తల వంచుకుని టీ గ్లాసునే చూస్తూ కూర్చుంది.

కొంతసేపయ్యాక ఇన్షిరాహ్ అడిగింది, "ఈ ప్రశ్న ఎవరు రాశారమ్మా?"

"నేనే."

"ఎవరూ చెప్పలేదా నీకు, ఇది ఇట్లా తిరగేసి ఉందని?"

"చెప్పారు పిన్నీ. అయిదేళ్లుగా చెబుతూనే ఉన్నారు. రెండువందల పద్నాలుగు మంది."

"మరి?"

సముద్రతీరం బస్సుల సంగతి, అరనిమిషం పని సంగతి చెప్పవచ్చు. అవేవీ ఆ గదిలో చెప్పదగ్గ మాటలు కావు.

ఇన్షిరాహ్ తిట్టలేదు. తిడితే బాగుండునని రబాబ్‌కి అనిపించింది. ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరితో అన్నట్టు కాకుండా, "ఆయన మీద కోపం ఉన్నన్నాళ్లు అదొక ఆసరాగా ఉండేది," అంది. "ఇప్పుడిక పోయిందొక్కటే మిగిలింది." అప్పుడు ఏడ్చింది. వచ్చిన యాత్ర పోయిందని, మొదటిసారి, ఆ బుధవారం మధ్యాహ్నం, మొగుడి జుబ్బా అంచు వదలకుండానే ఏడ్చింది.

ఏడ్చాక మొహం తుడుచుకుని, సోఫా దిండు కింద నుంచి బిస్కట్ల డబ్బా ఒకటి తీసింది. మూత తీస్తే నిండా కాగితం ముక్కలు. మడతలు, చుట్టలు, బడి పుస్తకంలోంచి చింపినవి, మందుల చీటీ వెనకాల రాసినవి.

"వీధిలో ఆడవాళ్లవి," అంది. "అక్కడికి వెళ్లినప్పుడు మా పేరు చెప్పి అడుగమ్మా అని తెచ్చిచ్చారు. ఒకతెకు బిడ్డలు లేరు. ఒకతె మొగుడు మంచం మీద ఉన్నాడు. ఇదిగో, ఈ పిల్లకి పరీక్ష. నలభై రెండున్నాయి. శనివారం నుంచి నేను గడప దాటలేదు. ఏ మొహం పెట్టుకుని దాటను? మొగుడే వద్దన్నాడట అని నవ్వుకుంటున్నారు."

డబ్బా మూత పెట్టింది. చెయ్యి రబాబ్ భుజం మీద వేసి, బరువంతా మోపి లేచింది.

"నాతో రా. నీ కాగితం కూడా తీసుకో. నేను చెబితే మొగుణ్ణి వెనకేసుకొస్తోందంటారు. ఇంజనీరు చెబితే వింటారు."

మితవల్లీ చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు. తానూ వస్తానన్నాడు. "వద్దు. నువ్వు తిని పడుకో," అంది ఆవిడ.

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ కింది మెట్టుకి. రబాబ్ ఒక పక్క మోచెయ్యి పట్టుకుంది. సంచీలో ఫోను మోగుతోంది. లొత్‌ఫీ. అది మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఆమె తీయలేదు.

మొదటి తలుపు ఎదురింటి కిందిభాగమే. తట్టగానే తెరిచినావిడ సన్నటి మనిషి, చేతులకు పిండి. ఇన్షిరాహ్‌ను చూసి తటపటాయించింది.

"మా ఆయన వద్దనలేదు సనియ్యా," అంది ఇన్షిరాహ్. "ఈ పిల్ల చెబుతుంది విను."

రబాబ్ చెప్పింది. తన పేరు చెప్పింది, ప్రశ్న తనే రాశానని చెప్పింది, సరే నొక్కితే రద్దయ్యేలా పెట్టింది తనేనని చెప్పింది. ఫోనులో మాట్లాడడం అలవాటైనది, ఇప్పుడు ఎదురుగా మనిషి మొహం చూస్తూ చెప్పింది. సనియ్యా విన్నది. పిండి చేతులు గౌనుకి తుడుచుకుని ఇన్షిరాహ్ తలను దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"మీ ఆయన్ని తప్పుగా అనుకున్నాం. దేవుడు మమ్మల్ని క్షమించాలి."

ఇన్షిరాహ్ డబ్బా తెరిచి, ముక్కలన్నీ వెతికి, సనియ్యాది తీసి అరచేతిలో పెట్టింది. సనియ్యా దాన్ని తీసుకోలేదు. ఆవిడ వేళ్లనే మూసి, పైన తన చేతులు కప్పింది.

"అంటే... ఇక నిజంగానే వెళ్లడం లేదా అక్కా?" అంది. "తప్పు తేలింది కదా?"

ఇన్షిరాహ్ రబాబ్‌కేసి చూసింది. అది కూడా నువ్వే చెప్పు అన్నట్టు.

"లేదు," అంది రబాబ్. "వెళ్లడం లేదు."

సనియ్యా చేతులు మెల్లగా జారాయి. కాగితం ముక్క తీసుకుని, చూడకుండానే గౌను మెడలో దోపుకుంది. టీ తాగి వెళ్లమంది. మళ్లీ వస్తామన్నారు.

వీధిలో ఎండ పడుతోంది. ఇన్షిరాహ్ గోడకు చెయ్యి ఆనించి ఆగింది, ఊపిరి కుదురుకునేదాకా. తర్వాత మెట్లున్న పక్కింటి వైపు గడ్డంతో చూపించి, రబాబ్ మోచెయ్యి అందుకుంది.

"పద ఇంజనీరమ్మా. ఇంకా నలభై ఒకటున్నాయి."